మంచం కింద ఇటుకలు

నేను పుట్టింది నీళ్లు లేని చోట. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మా ఊళ్లో వాన మొదలైతే పిల్లలకంటే ముందు పెద్దవాళ్లు బిందెలు పట్టుకుని బయటికి ఉరికేవారు. ముఖం కడిగిన నీళ్లు బీరపాదుకు, బియ్యం కడిగిన నీళ్లు బర్రె కుడితికి పోయేవి. నీళ్లు లేక చచ్చిపోయిన పశువుల్ని చూశాను గానీ, నీళ్లు ఎక్కువై మనుషులు చచ్చిపోతారని మాకు ఎవరూ చెప్పలేదు. పెళ్లయ్యాక భూపాలపల్లి వైపు, ఇంకో ఘనపూర్ మండలంలో, వాగు పక్కనున్న ఈ ఊరికి వచ్చాను. రెండు మండలాల పేర్లే ఒకటి.

వచ్చిన కొత్తలో మా తోడికోడలితో కలిసి బట్టలుతకడానికి వాగుకు వెళ్లాను. నిండు ఎండాకాలం. వాగులో నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. ఒడ్డు మీద తుమ్మచెట్టు కొమ్మల్లో ఎండుగడ్డి కట్టలు కట్టలుగా చిక్కుకుని ఉంది. దాని మధ్య ఒక చిన్నపిల్ల గౌను, రంగు వెలిసిపోయి వేలాడుతోంది. నేను చెయ్యెత్తినా అందనంత పైన.

"గంత మీదికి గౌను ఎట్ల పోయింది అక్కా?" అని అడిగాను.

"గాలికి కొట్టుకపోయుంటది చెల్లె," అంది మా తోడికోడలు, చీర పిండుతూ.

గాలి గౌనును మోస్తుంది, ఒప్పుకుంటాను. గడ్డిని పాయలుగా అల్లి కొమ్మకు చుట్టి పోతుందా? కొత్త కోడలిని కాబట్టి వంగి బట్టలు ఉతుక్కున్నాను. ఆ తర్వాత వాగుకు ఎప్పుడు వెళ్లినా ముందు ఆ గౌను వంకే చూసేదాన్ని. అది ఎవరి పిల్లదో ఊళ్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరికీ లేదు.

మా ఆయనకు ఒక్కడే అన్న. నాకు బావ. మా మామ పోయాక ఇంటి జాగా రెండుగా పంచుకున్నారు. పడమటి సగంలో పాత పెంకుటిల్లు బావకు వచ్చింది. తూర్పు సగం, అంటే వాగు వైపుది, ఖాళీ జాగా, మాకు వచ్చింది. అత్తమ్మ మాతోనే ఉంటానంది. అప్పటికే ఆమె తుంటి విరిగింది. వరంగల్ దవాఖానలో రాడ్డు వేశారు గానీ ఆమె మళ్లీ నడవలేదు. ఎత్తుకుని తిప్పాలి, ఎత్తుకుని కూర్చోబెట్టాలి. పెద్ద కోడలిని కాదని నన్నెందుకు కోరుకున్నావని ఒకసారి అడిగితే, "దాని చెయ్యి మెత్తన బిడ్డా. నీది మొరటు చెయ్యి. నన్ను లేపేటందుకు మొరటు చెయ్యే కావాలె," అంది. పొగిడిందో తిట్టిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇల్లు కట్టి చూడు అన్నారు గదా, మేమూ చూశాం. సర్కారు ఇల్లు మంజూరైంది. ముగ్గు పోసే ముందు ఒక ఇంజనీరు బండి మీద వచ్చాడు. జాగా చూడలేదు, ముందు వాగు చూశాడు. తర్వాత తుమ్మచెట్టు కింద నిలబడి పైకి చూశాడు. అతను చూస్తున్నది గౌనునే అని నాకు తెలిసిపోయింది. ఈ ఊళ్లో దాన్ని చూసిన రెండో మనిషి అతనే. తిరిగి వచ్చి, మా దొడ్డిలో పాతిన రాతి కడీ మీద ఇటుక ముక్కతో ఎర్రగా ఒక గీత గీశాడు. నా నడుమెత్తున వచ్చింది.

"మీది నీళ్లొచ్చే జాగ. బేస్‌మెంట్ గిక్కడి దాక లేపుండ్రి. స్లాబు మీదికి మెట్లు పెట్టుండ్రి. మెట్లు మర్వకుండ్రి," అన్నాడు.

మా దగ్గర బేస్‌మెంట్ అంటే నేల కింది గది కాదు. గోడలు లేవకముందు, ఇల్లంతా కూర్చునే ఎత్తు. మెట్ల సంగతి తర్వాత చూద్దామన్నాడు మా ఆయన. ఈ ఊళ్లో స్లాబు ఇళ్లన్నింటికీ మెట్లు తర్వాత చూసుకునేవే. గోడకు ఒక ఇనుప నిచ్చెన ఆనించి ఉంటుంది, అంతే.

బేస్‌మెంట్ దగ్గర మాత్రం గొడవ వచ్చింది. సాయంత్రం బావ వచ్చి ఆ గీత చూశాడు. ఆయన పెంకుటింటి గడప మోకాలెత్తు.

"తమ్మీ, నీ గడప నా గడప కంటె మీదికి ఉంటదారా? తూర్పు పల్లముండాలె, పడమర మెరక ఉండాలె. తమ్ముడు అన్నకంటె ఎత్తుల గూసుంటే పెద్దింటికి అరిష్టం. గిది నేనన్నమాట గాదు, తాతల నుంచి ఉన్నదే," అన్నాడు.

"వాగు తూర్పునే ఉన్నది గద బావా. దానికి వాస్తు ఎవరు చెప్తరు?" అన్నాను. మా ఆయన నా వైపు గుడ్లు ఉరిమాడు.

"ఎండిన ఊరి పిల్లవు, నీకు దోసెడు నీళ్లు జూస్తె పరేషానే. మా వాగు ముత్యాలమ్మ గద్దె దాటి ఏనాడన్న వచ్చిందా అడుగు," అన్నాడు బావ నవ్వుతూ.

బావతో అయితే ఎంతసేపైనా వాదించేదాన్ని. మర్నాడు మా తోడికోడలు వచ్చింది. ఇల్లు లేచేదాకా మేం వేసుకున్న గుడిసె గడపలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె మొదటి బిడ్డ పురిటిలోనే పోయాడు. తర్వాత పుట్టినవాడు ఒక్కడే. "నువ్వు సదువుకున్నదానివి చెల్లె, నమ్మవు. నేను నమ్ముత. నాకు ఒక్కడే ఉన్నడు. నీ గడప ఎత్తు లేపి వాని మీదికి తేకు," అంది. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటే ఏమిటో ఆరోజు తెలిసింది.

తీర్పు అత్తమ్మ చెప్పింది. మంచం వాకిట్లోకి మోయించుకుంది. మేస్త్రిది మహబూబాబాద్ వైపు తండా. అతన్ని పిలిచి, పెద్దకొడుకు గడప నుంచి మా జాగా దాకా సుతిలి తాడు కట్టించింది. నీటి గొట్టం పట్టి మట్టం సరిచూడమంది.

"ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. ఇద్దరు నా కడుపుల పుట్టినోళ్లే. సమానం కట్టుండ్రి," అంది.

"ఇంజనీరు గీసిన గీత గీడున్నది గద అవ్వా?" అన్నాడు మేస్త్రి.

"గీత ఆయన గీసిండు, గోడ నువ్వు కడ్తవు, ఉండేది నేను," అంది అత్తమ్మ. మేస్త్రి నవ్వి తాడు బిగించాడు. తాడు కింద, కడీ మీద, ఆ ఎర్ర గీత అలాగే ఉంది.

ఇల్లు లేచింది. గృహప్రవేశం రోజు అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం నేల మీద కాలు పెట్టినప్పుడల్లా గీతకు ఎంత కింద ఉన్నానో గుర్తొచ్చేది. నీళ్లు వస్తే మేం నిచ్చెన ఎక్కుతాం. పిల్లల్ని భుజాన వేసుకుంటాం. నిచ్చెన ఎక్కలేనిది ఈ ఇంట్లో ఒక్క మనిషే. ఆ మనిషే తాడు కట్టించింది.

ఇంటికి ఇవ్వనివ్వని ఎత్తును మంచానికి ఇచ్చాను. మేస్త్రి వెళ్లిపోయేలోపు మిగిలిన ఇటుకలతో, సిమెంటు పెట్టి, అత్తమ్మ గదిలో నాలుగు దిమ్మెలు కట్టించాను. సరిగ్గా ఎర్ర గీత మట్టానికి. వాటి మీద ఆమె ఇనుప మంచం ఎక్కించాం. అన్నం తినిపించాలన్నా, పక్క మార్చాలన్నా నేను స్టూలు ఎక్కాల్సి వచ్చేది. ఊరంతా నవ్వింది. చిన్నకోడలు అత్తను అటుక మీద దాచిందన్నారు. మంచె మీద కూర్చోబెట్టి పిట్టల్ని కొట్టిస్తుందేమో అన్నారు. అత్తమ్మ కూడా నవ్వింది. "మీదినుంచి జూస్తే నీ బోడ నెత్తి మంచిగ కనబడ్తుందిరా," అంది మా ఆయనతో.

ఆ మరుసటి ఏడు ఎండాకాలంలో వాగు అవతల రోడ్డు పెంచారు. లారీలు మొరం మట్టి తెచ్చి పోస్తూనే ఉన్నాయి. రోడ్డు కట్టలా లేచింది. అడుగున రెండు తూములు పెట్టారు. వాటిలోంచి మేకలు అటూ ఇటూ పోతుంటే చూడముచ్చటగా ఉందన్నారు జనం. నేను చూసింది వేరు. ఇన్నాళ్లూ వాగు పొంగితే అవతలి చేలల్లోకి పరుచుకునేది. ఇప్పుడు అటు తలుపు వేసేశారు. అప్పుడిక ఎటు వస్తుంది?

వానాకాలం రాకముందే చీమలు గుడ్లు మోసుకుంటూ గోడ ఎక్కడం మొదలుపెట్టాయి. కింది ఇటుకల్లో కాదు, స్లాబు అంచున చేరాయి. "వాన రాకడ ప్రాణం పోకడ ఎవలెరుగరు," అన్నాడు బావ, వాటిని చూసి. చీమలు ఎరుగుతాయి అనుకున్నాను నేను.

ముసురు పట్టి విడవలేదు. ఒక పొద్దున పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. నేను వాకిట్లోకే చూస్తున్నాను, వస్తే అటునుంచి వస్తాయని. నీళ్లు గడప దాటి రాలేదు. వెనక గిన్నెలు కడిగే చోట తూములోంచి, మేము బయటికి పంపిన దారినే, లోపలికి వచ్చాయి. మురికిగా, చప్పుడు లేకుండా. చాయ్ పొంగేలోపు నా పాదాలు తడిశాయి. దించేలోపు పిక్కలు మునిగాయి.

మా ఆయన పిల్లల్ని నిచ్చెన మీదుగా స్లాబు ఎక్కించాడు. పడమటి వైపు నుంచి పెద్ద చప్పుడైంది. బావ ఇంటి మట్టిగోడ కూర్చుండిపోయింది. బావ, మా తోడికోడలు, వాళ్ల కొడుకు ప్రహరీ పట్టుకుని మా వైపు వచ్చారు. పిల్లవాణ్ణి మా ఆయన పైకి లాగాడు, ఆమె కూడా ఎక్కింది. నేను అత్తమ్మ గదిలోనే ఉన్నాను.

"నువ్వు మీదికి పో బిడ్డా," అంది అత్తమ్మ.

"నోరు ముయ్యి జర," అన్నాను. అత్తను అలా అన్నది జీవితంలో అదొక్కసారే.

నీళ్లు దిమ్మెల వరసలు ఒక్కొక్కటే మింగుతూ పైకి వచ్చాయి. గీత మట్టం మునిగింది. ఇంజనీరు గీసింది కూడా తక్కువే అని అప్పుడు అర్థమైంది. ఇంతలో బావ నిచ్చెన దగ్గర్నుంచి వెనక్కి తిరిగి గదిలోకి వచ్చాడు. మంచం అటువైపు పట్టుకున్నాడు, ఇటు నేను పట్టుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు. మాటిమాటికీ ముఖం తుడుచుకుంటున్నాడు. గదిలో వాన లేదు.

"కింద చల్లగ తాకుతుంది బిడ్డా," అంది అత్తమ్మ నెమ్మదిగా.

నవారు తడిసింది. అక్కడ ఆగింది. ఎందుకు ఆగిందో అప్పుడు మాకు తెలియదు. రోడ్డు కట్ట ఎక్కడో తెగిందని తర్వాత విన్నాం. అది తెగకపోతే ఏమయ్యేదో మేం ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నీళ్లు దిగాక వాగు ఒడ్డుకు వెళ్లాం. తుమ్మచెట్టులో గౌను లేదు. ఆ కొమ్మకే, ఇంకా పైన, మా తోడికోడలి ఆకుపచ్చ చీర చుట్టుకుని ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. గాలి అనలేదు.

ఇప్పుడు బావ కొత్త ఇల్లు కట్టాడు. ఈసారి ఇంజనీరు ఎంత చెబితే అంతా విన్నాడు. రొమ్మెత్తు బేస్‌మెంట్, స్లాబుకు మెట్లు, వాకిలంతా మొరం పోసి ఎత్తుగా చదును. అన్న గడప తమ్ముని గడప కంటే ఎత్తుంటే తప్పు లేదు, పైగా శుభమట. ఆయన చేసింది అచ్చంగా నేను మొదట అడిగిందే. ఏమని తప్పుపట్టను? కానీ నాకు ఒళ్లు మండుతుంది. ఆయన వాకిలి నీళ్లన్నీ ఇప్పుడు మా గడపకే దిగుతాయి. ఇటు వాగు, అటు బావ, మధ్యలో గిన్నెలా మా ఇల్లు.

"మీరు గూడ లేపుకోండ్రి. ఇప్పుడు ఎవరొద్దన్నరు?" అన్నాడు. స్లాబు పోసిన ఇల్లు లేపడానికి అదేమైనా పడుకున్న బర్రెనా?

మొన్న ఎండల్లో అకాలంగా ఒక జల్లు పడింది. చిన్నదే. బావ మొరం మీది నీళ్లు ఎర్రగా పారి మా గడపకు తగిలాయి. అత్తమ్మ మంచం మీదినుంచి ఆ చప్పుడు విన్నది. మా తోడికోడలు కూడా చూసి, ఉండబట్టలేక లోపలికి వచ్చింది.

"ముసురు పడితే అత్తమ్మను మా ఇంటికి ఎత్తుకపోతం చెల్లె," అంది.

"నీళ్లు చెప్పి వస్తయా బిడ్డా? మీరు మోసేదాక ఆగుతయా?" అంది అత్తమ్మ. "పోనీ ఇప్పుడే రా అంటవు. రాను. సమానమని తాడు గట్టించింది నేను. గిప్పుడు తక్కువైన ఇంట్లనే నేనుంట." తర్వాత నా వైపు తిరిగింది. "మేస్త్రిని పిలువు. దిమ్మెలు ఇంకో మూరెడు లేపు."

మేస్త్రి వచ్చాడు. ఇటుకలు దించాడు. మంచాన్ని, పైకప్పును మార్చి మార్చి చూశాడు.

"ఇంకో మూరెడు లేపితె, అవ్వను లేపి గూసోబెట్టినప్పుడు ఆమె చెయ్యెత్తితె ఫ్యాను రెక్క తగుల్తది అక్కా," అన్నాడు.

బయట ఎండ పెళపెళలాడుతోంది. గది ఉడికిపోతోంది. ఫ్యాను ఉన్నా అత్తమ్మ వీపు కింద పక్క తడిసి ఉంది. ఆమె వెల్లకిలా పడుకుని తిరుగుతున్న ఫ్యానునే చూస్తోంది.

"తీసెయ్," అంది. "ఉక్కకు ఇసనకర్ర ఉన్నది. నీళ్లకు ఏమున్నది?"

మేస్త్రి స్విచ్ ఆపి స్టూలు ఎక్కాడు. నేను కింద నిలబడి రెక్కలు ఒక్కొక్కటే అందుకున్నాను.