వీధి తినేసిన ఉప్పు

మా మావగారిది ధాన్యం వ్యాపారం. ఏం మాట్లాడినా బేరం ఆడినట్టే ఉండేది. పంతొమ్మిదివందల అరవైల చివర్లో పెళ్ళయి విజయనగరం కాపురానికి వచ్చేసరికి నేను బీయస్సీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. "కోడలు కాలేజీకెల్తే వంటెవులు సేస్తారు?" అని ఇంట్లో రోజూ గొణుగుడే. చివరికి మావగారు తేల్చేశారు.

"కాలేజీలో సైన్సు ఎగ్జిబిషనంట కదా. పైజు తెస్తే ఎమ్మెస్సీ దాకా నీ ఇష్టం. తేలేదా, ఇంక పొయ్యి కాడే."

మా ఆయన సంగతి అడక్కండి. వాళ్ళ నాన్న ఎదుట ఆయన నోట్లో నాలుక ఉండేది కాదు.

నేను చెయ్యదలచింది ఉప్పు. అంటే ఉప్పు స్ఫటికం లోపలి కట్టడం. అందులో సోడియం, క్లోరిన్ రేణువులు ఒకటి మార్చి ఒకటి, అడ్డంగా, నిలువుగా, లోతుగా వరుస తప్పకుండా కూర్చుంటాయి. ఆ అమరికనే జాలకం అంటారు. పుస్తకంలో ఆ బొమ్మ చూస్తే చాలు, నాకు ప్రాణం లేచొచ్చేది. మా ఇంట్లో నలుగురు భోజనానికి కూర్చుంటే నాలుగు దిక్కులకి తిరిగి కూర్చునేవారు. ఉప్పుకున్న బుద్ధి మాకు లేదు.

బొమ్మ కట్టడానికి గుండ్రంగా, గట్టిగా ఏవైనా కావాలి. అత్తవారి వంటింట్లో కొత్త కోడలు బెల్లం డబ్బా మీద చెయ్యి వేయడమే! రాజాంలో ఉన్న మా అమ్మకి కబురు పెట్టాను, పెద్ద కొబ్బరి ఉండలు, చిన్న నువ్వుండలు రాళ్ళలా చేసి పంపమని. అమ్మ ఎందుకని కూడా అడక్కుండా తట్టెడు పంపింది. తెల్లవి క్లోరిన్, నల్లవి సోడియం. కొత్త చీపురు కొని, పుల్లలు కడిగి, రాత్రి అందరూ పడుకున్నాక ఉండలు గుచ్చి, వరుస మీద వరుస పెట్టి చదరంగా నిలబెట్టాను. నట్టనడుమ ఒక నువ్వుండ, దానికి ఆరు వైపులా ఆరు కొబ్బరి ఉండలు. ఎగ్జిబిషన్ రోజు పొద్దున్నే దాన్ని పీట మీద పెట్టి, ఒకసారి మురిసిపోయి, తలకి పోసుకోవడానికి వెళ్ళాను.

మా వైపు పుట్టింటి నుంచి తినేవి తట్టలో వస్తే వాటికి ఒక్కటే పేరు, సారె. సారె వస్తే వీధంతా పంచాలి. పంచకపోతే పరువు పోతుంది.

నేను జుట్టు తుడుచుకుంటూ వచ్చేసరికి పీట మీద చీపురు పుల్లలున్నాయి. అత్తమ్మ ఖాళీ పళ్ళెం చంకన పెట్టుకుని మెట్లెక్కి వస్తోంది. మొహం వెలిగిపోతోంది.

"మీ యమ్మ ఏటి మనిసే! బస్సులో ఇరిగిపోకుండా పుల్లలకి గుచ్చి పంపినాది. ఇలాటి సారె ఈ ఈదిలో ఎవులూ సూడలేదు. అందరికీ ఇచ్చేసినాను."

"అది సారె కాదత్తమ్మా! ఉప్పు!"

"ఉప్పా? తియ్యగానే ఉన్నాదే!"

అక్కడే కూలబడి భోరుమన్నాను. ఏడుస్తూనే సంగతంతా చెప్పాను. ఆవిడ విని పుల్లలకేసి అనుమానంగా చూసింది.

"ఇవి సీపురు పుల్లలేటే?"

అవునన్నాను.

"ఓలమ్మో! ఈదిలో మాత్రం సెప్పకే," అని గబగబా చీర మార్చుకుని వచ్చి, "పద, నేనూ వస్తాను" అంది.

కాలేజీలో అందరి బల్లల మీదా బొమ్మలు. నా బల్ల మీద పుల్లల కట్ట, గుప్పెడు రాళ్ళుప్పు, పక్కన మా అత్తమ్మ. బహుమతులు నిర్ణయించడానికి వచ్చిన ప్రొఫెసరుగారు మమ్మల్ని ఎగాదిగా చూశారు.

"జాలకం ఏదమ్మా?"

"మా వీధి తినేసిందండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, ఒక సోడియంకి అతి దగ్గరి పొరుగువాళ్ళు ఎంతమందో చెప్పు."

నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ నాలుక పిడచకట్టుకుపోయింది. అత్తమ్మకి సోడియం తలకెక్కలేదు, పొరుగువాళ్ళ మాట మాత్రం బాగా వినబడింది. సారె ఎవరెవరికిచ్చారని నిలదీస్తున్నారనుకుంది.

"ఆరిళ్ళోలు బాబూ! కుడేపొకలు, ఎడమేపొకలు, ఎదురుగొకలు, ఎనకొకలు, మా మేడ మీద అద్దెకున్నోలు, కింద కొట్లో ఉన్నోలు. ముందల ఆలకి ఇచ్చినాకే మిగతా ఈదికి. ఒక్కల్ని కూడా ఒదల్లేదు."

"సరిగ్గా ఆరే!" అని ఆయన నవ్వాపుకోలేక బల్ల పట్టుకున్నారు.

దాంతో నాకు నోరు పెగిలింది. మా ఇల్లు సోడియం, ఆ ఆరిళ్ళూ క్లోరిన్, వాటికి మళ్ళీ వాటి పొరుగువాళ్ళు అంటూ మా వీధి మొత్తం ఆయనకి అప్పజెప్పాను. చివరిదాకా విన్నారు, శభాష్ అన్నారు. బహుమతి మాత్రం ఇవ్వలేదు. బల్ల మీద బొమ్మ లేనిదే ఇవ్వకూడదని నిబంధనట! బహుమతి రబ్బరు గొట్టంతో ఫౌంటెన్ చేసిన పిల్లకి పోయింది. ఫౌంటెన్ కనిపిస్తే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఇంటికొచ్చేసరికి మావగారు పడక్కుర్చీలో ఉన్నారు.

"పైజేదీ?"

ఇక చదువు అయిపోయినట్టే అనుకున్నాను. అత్తమ్మ చెమట కూడా తుడుచుకోకుండా వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది.

"పైజు మీ కడుపులో ఉన్నాది. పొద్దున్న కాపీలోకి రెండు తెల్లుండలు తిన్నారు, గేపకం ఉన్నాదా?"

"తిన్నాను. బాగున్నాయి. సారె కదేటి?"

"సారె కాదు, ఉప్పు. ఈ పిల్ల సేసిన ఉప్పు. ఉప్పు తిన్నాక ఇస్వాసం ఉండక్కర్లేదేటి?"

బేరంలో మావగారు ఓడిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఉప్పు అంత తియ్యగా ఎందుకుందో ఆయనకి అంతుపట్టలేదు. అడిగితే అత్తమ్మ ఇంకేం అంటుందోనని అడగనూ లేదు. కాసేపు గడ్డం గోక్కుని నా వైపు తిరిగారు.

"ఎమ్మెస్సీకి వాల్తేరు ఎల్లాల కదేటి. బస్సుకెల్తావా, రైలుకెల్తావా?"