కొత్తనీళ్ళ మొదటి గ్లాసు

మా నాన్నంత మొండివాడు ఇంకొకడు లేడని ఊరంతా అనేది. నేనైతే ఇంకాస్త గట్టిగానే అనేదాన్ని. ఆయన మా ఊరి మంచినీళ్ళ చెరువుకి కాపలాదారు. మాది కాలువ శివారు ఊరు, సముద్రానికి దగ్గర. ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే పడతాయి. గోదావరి కాలువ నీళ్ళని చెరువులోకి పట్టి, ఇసుక ఫిల్టర్ల మీదుగా ట్యాంకుకి ఎక్కించి కుళాయిలకి వదులుతారు. వేసవిలో కాలువ కట్టేసినన్నాళ్ళూ ముందే నింపుకున్న ఆ చెరువే మాకు దిక్కు.

ఆ చెరువు దగ్గర ఆయన ముందు ఎవరి పప్పులూ ఉడికేవి కావు. ఒకసారి ప్రెసిడెంటు గారి కొత్తల్లుడు సరదాపడి ఈతకి దిగితే, గట్టు మీద నిలబడి, "మీ అత్తారింట్లో వేణ్ణీళ్ళు కాచి ఉంచుతారు బాబూ, అక్కడ చెయ్యండి స్నానం. ఇవి మేం తాగే నీళ్ళండి," అన్నాడు. పాపం ఆ అబ్బాయి తడిబట్టలతోనే ఇంటికి పోయాడు. వాళ్ళ మావగారు నెల్లాళ్ళు మా నాన్నతో మాట్లాడలేదు.

అసలు గొడవ ఏటా కాలువకి నీళ్ళు వదిలినప్పుడు వచ్చేది. కాలువ ఎండి ఉన్నన్నాళ్ళూ జనం అందులో పారేయనిది ఉండదు. చచ్చిన కోళ్ళు, ప్లాస్టిక్ సంచులు, ఆసుపత్రి చెత్త, వాటికి తోడు రొయ్యల చెరువులవాళ్ళు వదిలిన మురుగు. మొదటి నీళ్ళు వాటన్నిటినీ కడుక్కుంటూ నల్లగా, నురగతో శివారుకి, అంటే మా ఊరికే చేరతాయి. వాటిని చెరువులోకి రానివ్వకుండా డ్రైనులోకి పోనిచ్చి, మంచినీళ్ళు వచ్చాకే తూము తీయాలి. ఎన్నాళ్ళకన్నది మా నాన్న చెప్పాలి. గట్టు మీద కూర్చుని, నీళ్ళ రంగు చూసి చెబుతాడని అందరం అనుకునేవాళ్ళం.

నేను పురిటికి వచ్చిన ఏడాది ఎండలు మండిపోయాయి. పాపకి రెండో నెల. నా పాలు చాలక డబ్బాపాలు కలిపి పట్టేవాళ్ళం. చెరువు అడుగంటింది. కుళాయి రెండు రోజులకోసారి వచ్చేది, వచ్చినా ఆకుపచ్చ నీళ్ళు. ఊళ్ళో టిన్ను నీళ్ళ ప్లాంటు కూడా ఆ చెరువు మీదే ఆధారపడ్డది కనుక మూతపడింది. పక్క ఊరి నుంచి బండి వస్తే ఇంటికో టిన్ను, రాకపోతే లేదు. పాపకి పాలు కలపాల్సి వచ్చిన ప్రతిసారీ నీళ్ళు కాచి, గ్లాసులో పోసి వెలుతురుకి పెట్టి చూసేదాన్ని. అంత చిన్న పొట్టలోకి ఏం పోస్తున్నానో నాకే తెలిసేది కాదు.

అలాంటప్పుడు కాలువ వచ్చింది. ఊరంతా గట్టు మీదే ఉంది. మా నాన్న మాత్రం తూము తీయలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రెసిడెంటు గారు నలుగుర్ని వెంటేసుకుని మా ఇంటికి వచ్చారు. "ఏంటండి మీ పట్టుదల? ఎలాగూ ఫిల్టర్లున్నాయి, బ్లీచింగు వేస్తాం," అన్నారు. "ఆయ్, తెలుసండి. ఇంకో రెండ్రోజులు ఆగుదామండి," అన్నాడు మా నాన్న. వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళాక నేను అందుకున్నాను.

"నాన్నా, ఇంట్లో పసిపిల్ల ఉంది. తూము తియ్యి."

"పసిపిల్ల ఉందనే తియ్యట్లేదమ్మా."

బడిలో సైన్సు చెప్పేదాన్నన్న గీర ఒకటి, నిద్రలేని చిరాకు ఒకటి. "నీకు మనవరాలి కన్నా ఊరి మీద పెత్తనమే ఎక్కువ," అనేశాను. ఆయన నా వైపు ఒకసారి చూసి, వెళ్ళి వరండాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నానికి రాలేదు. అలిగాడనుకున్నాను. పోయి పిలవలేదు సరికదా, వినబడేలా, "అల్లుళ్ళు అలుగుతారు గానీ మావగారు అలగడం మనింట్లోనే," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మూడో రోజు మధ్యాహ్నం చూద్దును కదా, అమ్మ ఆయన తల ఎత్తిపట్టి చెంచాతో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పోస్తోంది. ఆయన కళ్ళు లోతుకి పోయాయి. రెండ్రోజులుగా ఆయన పెరట్లోకీ వరండాలోకీ తిరుగుతూనే ఉన్నాడని, నేను పాప గోలలో గమనించనే లేదని అప్పుడు అర్థమైంది.

"ఏమైందే?" అన్నాను.

"ఏటా ఉన్నదే. కాలువ రాగానే ఓ గ్లాసుడు ముంచుకుని తాగుతారు. మర్నాటికి కడుపులో బాగుంటేనే తూము తీస్తారు. బాగోకపోతే ఆగి, మళ్ళీ తాగుతారు. ఈసారి మరీ పట్టుకుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తాగనిస్తావా?" అంది అమ్మ.

నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ముందు కోపాన్నే బయటపెట్టాను. ఇది పరీక్ష కాదు, పిచ్చితనం అన్నాను. రొయ్యల చెరువుల మందులు ఒక గ్లాసుతో బయటపడవనీ, సీసాలో పట్టి ల్యాబుకి పంపాలనీ పాఠమంతా అప్పజెప్పాను. ఆయన ఓపిక తెచ్చుకుని విన్నాడు.

"నిజమే తల్లీ. పోయినేడు పంపేం. రిపోర్టు వచ్చేసరికి వానాకాలం అయిపోయింది. అందాకా ఊరు ఏం తాగుద్ది?"

డాక్టరు గారొచ్చి సెలైను పెట్టారు. సాయంత్రం ప్రెసిడెంటు గారు మళ్ళీ వస్తే నేనే గుమ్మంలో నిలబడి, "ఆ నీళ్ళు తాగే మా నాన్న మంచాన పడ్డాడండి, లోపలికొచ్చి చూడండి," అన్నాను. ఆయన లోపలికి వచ్చి, సెలైను సీసా చూసి, మంచం పట్టె మీద కూర్చుండిపోయారు. మర్నాడు ఎగువ ఊరి చెరువు నుంచి ట్రాక్టరు మీద నీళ్ళు తెప్పించారు.

ఐదో రోజుకి కాలువలో నురగ పోయి ఎర్రటి గోదావరి నీళ్ళు వచ్చాయి. మా నాన్న కర్ర పట్టుకుని వెళ్ళి, గ్లాసుతో ముంచుకొచ్చి వరండాలో కూర్చున్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను.

"నాకివ్వు, నేను తాగుతాను."

"పాలిచ్చేదానివి, బుద్ధుందా?"

"అయితే ఎవ్వరూ తాగొద్దు."

"ఎవరో ఒకళ్ళు ముందు తాగాలి కదమ్మా. నేను కాకపోతే ఏ ఇంట్లోనో ఓ పసిపిల్ల తాగుద్ది," అన్నాడు. నేను చెయ్యి వదిలేశాను. ఆయన గ్లాసు ఖాళీ చేశాడు.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున్న, ఆయన మంచం మీంచి లేచినప్పుడల్లా నా ప్రాణాలు పోయేవి. మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాడు. అమ్మ ఎప్పటిలా కాకుండా ఆయన ఎదురుగానే చతికిలబడి కంచంలోకే చూస్తోంది. నేను వడ్డిస్తున్నాను. పప్పన్నం తిన్నాడు, చారన్నం తిన్నాడు. కాసేపాగి, "ఇంకాస్త అన్నం పెట్టమ్మా," అన్నాడు.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, గట్టిగా ఊపిరి వదిలింది. ఏటా కాలువ వచ్చినప్పుడు ఆవిడ ఈ మాట కోసమే ఇలా ఎదురుచూసేదని నాకప్పుడు తెలిసింది. అన్నం పెడుతూ పెడుతూ నేను భోరుమన్నాను.

ఆయన ఎడమచేత్తో నా తల నిమిరాడు. "ఏడవకమ్మా. తిని వెళ్ళి తూము తీసేస్తాను. రేపటికల్లా నీళ్ళొచ్చేస్తాయి," అన్నాడు.