తుస్సు గురువు, నిద్ర లేచిన కొండ

వీధి వీధంతా ఆయన్ని తుస్సు గురువు అనేది. ముఖం మీదే అనేది, ఆయనా పలికేవాడు. ముడుచుకుపోయిన గొడుగు తెరవమంటే పక్కవాడి చొక్కా గుండీలు ఊడిపడేవి. కారే కప్పుకు మంత్రం వేస్తే కింద పెట్టిన బకెట్టుకు చిల్లు పడేది. ఇల్లు గడిచేది మూడో అంతస్తు గదిలో ఆయన భార్య కుట్టుమిషను తొక్కబట్టే.

"మీ మంత్రం కంటే నా సూది నయం. గుచ్చినచోటే దిగుతుంది" అనేదావిడ. ఆయన నవ్వి ఊరుకునేవాడు. అలా నవ్వినప్పుడల్లా ఆవిడకు ఒళ్ళు మండేది.

ఆవిడ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. తొడదాకా కట్టు వేయించుకుని మంచాన ఉండగా, ఒక పొద్దున ఊరి వెనక కొండ కన్ను తెరిచింది.

అది కొండ కాదనీ, నిద్రపోతున్న జీవమనీ అప్పుడే తెలిసింది అందరికీ. వెండి కర్రల పెద్ద మంత్రగాళ్ళు బారులు తీరి శాసనాల మీద శాసనాలు విసిరారు. దోమ కుట్టినట్టు అది భుజం గోక్కుంది. భుజం మీది అడవి జలజలా రాలింది. తర్వాత లేచి నిలబడి ఊరివైపు తిరిగింది. అందరికంటే ముందు బండెక్కింది ఆ పెద్దమనుషులే. మధ్యాహ్నానికల్లా వీధిలో పిట్ట కూడా లేదు.

తుస్సు గురువు భార్యను ఎత్తుకోబోయాడు. ఆవిడ నొప్పితో కెవ్వుమంది. బరువు తగ్గించే మంత్రం చదివాడు. ఆవిడ కదల్లేదు, కుట్టుమిషను లేచి పైకప్పుకు అతుక్కుంది.

"మీరు వెళ్ళిపోండి. ఇద్దరం పోవడం దేనికి?" అందావిడ.

"ఊరుకో" అన్నాడాయన.

కిటికీ చీకటైంది. ఆవిడ తల తిప్పి చూసింది. కిటికీ నిండా ఒక కన్ను. దాని తేమలో మబ్బులు కదులుతున్నాయి, కొంగలు బారుగా ఎగురుతున్నాయి. ఎన్ని యుగాల వానలు తాగిందో ఆ కన్ను. చచ్చిపోతామన్న భయం కూడా గుర్తురాలేదావిడకు. ఇంత పెద్దది ఉందా లోకంలో అని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

మంత్రగాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. దేన్నైనా శాసించాలి గానీ బతిమాలకూడదు. బతిమాలినవాడి కర్రలో వెలుగు ఆరిపోతుంది, మళ్ళీ రాదు. తుస్సు గురువు కర్రలో వెలుగు మిణుగురంతే. అయినా చిన్నప్పటినుంచీ ఆయనకున్న ఆశంతా అదే. రోజూ పడుకోబోయే ముందు దాన్ని గుడ్డతో తుడుచుకునేవాడు. అది ఆవిడకు తెలుసు.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు. తడుముకోలేదు, వెనక్కి చూడలేదు.

"అయ్యా, నాకు ఏ మంత్రమూ సరిగ్గా రాదు. మా ఆవిడ కాలు విరిగింది, కదల్లేదు. మీరు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళండి. కాస్త చూసి అడుగెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

కన్ను ఆయన్ని చూసింది. తర్వాత ఆవిడను చూసింది. ఆ చూపు తన కట్టు మీద ఆగినట్టు ఆవిడకు స్పష్టంగా తెలిసింది.

కొండ నిటారుగా లేచింది. చాపల మీద పిల్లలు పడుకున్న గదిలో తల్లి నడిచినట్టు, ఇళ్ళ మధ్య ఖాళీ వెతుక్కుంటూ మునివేళ్ళ మీద అడుగులు వేసింది. ఒక్కో అడుగుకూ గోడలు వణికాయి, ఒక్క ఇల్లూ కూలలేదు. అది సముద్రం వైపు వెళ్ళిపోయింది. కొండ ఉన్నచోట ఇప్పుడు ఆకాశమే ఉంది.

ఆయన చేతిలో కర్ర నల్లబడింది. ఆయన దాన్ని గోడకు ఆనించి, చూడనైనా చూడకుండా వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"ఇందాక ఎత్తబోయాను కదా, నొప్పి తగ్గిందా?" అన్నాడు.

ఇన్నేళ్ళు ఈ మనిషితో కాపురం చేసింది. ఇంతటివాడని ఆవిడకు తెలియదు. ఆయన చెయ్యి తీసుకుని రెండు చేతులతో పట్టుకుంది.