దుప్పట్ల చాటున

ఇస్త్రీ అత్తకి నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా అనుకునేవారు. మొగుడు ఉతికి ఆరేసిన బట్టల మీద బొగ్గుల పెట్టె నడిపిస్తూ ఆవిడ చెప్పే కబుర్ల కోసం, మడత నలగని చొక్కా కూడా మళ్ళీ తెచ్చేవాళ్ళుండేవారు. ఎదురు మేడ మీద రేడియోలో పాడే గాయని ఉండేది. పొద్దున్నే ఆవిడ గొంతు విప్పితే అత్త చెయ్యి ఆ తాళానికే సాగేది. అవెంత మంచి రోజులో అని అత్త ఇప్పటికీ తలుచుకుంటుంది.

గాయని ఒంటరిదని అందరి నమ్మకం. సాయంకాలం వెలువడే పత్రిక విలేకరి ఒకడు చొక్కాలు ఇస్త్రీకి వేస్తూ, "అత్తా" అంటూ చనువు పెంచుకున్నాడు. ఓరోజు మాటల్లో గాయని ఊసొస్తే అత్త ఊరుకోలేదు. "ఒంటరిదంటారు గానీ, ఆవిడ బట్టల మూటలో మగవాళ్ళ చొక్కాలూ వస్తాయిలే" అని నవ్వేసింది.

మర్నాడు పత్రికలో పెద్దక్షరాలు: 'గాయని ఇంట్లో చొక్కా ఎవరిది?' ఇంకేముంది, మేడ కింద కెమెరాలు బారులు తీరాయి. ఆ సందడికి పైనుంచి ఒక ముసలాయన, గుండీలు పెట్టుకోకుండా, బాల్కనీలోకి వచ్చాడు. కిందున్న వాళ్ళు తన విద్యార్థులనుకుని, వరసలో కూర్చోమని గదిమాడు. ఆ ఫొటోనే పత్రిక సగం పేజీ వేసింది.

ఆయన గాయని తండ్రి. ఊళ్ళో సగం మందికి లెక్కలు నేర్పిన మాస్టారు. మతి తప్పిన మనిషిని జనం చూడకూడదనే కూతురు గుట్టుగా దాచుకుంది.

"నిప్పు లేనిదే పొగ రాదంటారు. మన కొట్లో నిప్పుకేం కరువు" అన్నాడు మొగుడు. అత్తకి అన్నం సయించలేదు. మేడ ఎక్కి గుమ్మంలోనే నిలబడి, "నా నోరే నీ కొంప ముంచిందమ్మా" అంది.

గాయని లోపలి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "చొక్కా ఉందన్నావు, ఉంది. ఎవరిదో నన్నొక్క మాట అడగొచ్చుగా వాళ్ళు? అడగలేదు" అంది. తర్వాత, నాన్నకి ఎండలో కూర్చోవడం ఇష్టమనీ, ఇప్పుడు తలుపు తీయలేకపోతున్నాననీ చెప్పింది.

మర్నాడు తెల్లారేసరికి అత్త ఆ బాల్కనీకి అడ్డంగా తాళ్ళు కట్టి, వీధివాళ్ళ తడి దుప్పట్లన్నీ ఆరేసింది. కెమెరాలకి తెల్లటి బట్ట తప్ప ఏమీ చిక్కలేదు. విలేకరి ఇస్త్రీ కొట్టుకి వచ్చి, ఒక్క దుప్పటి పక్కకి జరపమని బతిమాలాడు.

"ఆరలేదు" అంది అత్త.

"ఎప్పుడారతాయి?"

"నువ్వెళ్ళాక."

పత్రిక తప్పు ఒప్పుకున్నదీ లేదు, క్షమించమన్నదీ లేదు. కొన్నాళ్ళకి ఆ కెమెరాలవాళ్ళకి ఎగబడడానికి ఇంకో ఇల్లు దొరికింది, అంతే. దుప్పట్లు మాత్రం చలికాలమంతా అక్కడే ఆరాయి. వాటి చాటున మాస్టారు ఎండ కాగుతుంటే, లోపల కూతురి పాట. ఆరినవి తీయడానికి వెళ్ళిన అత్తని ఆయన కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించేవాడు. బడి గడప తొక్కని అత్త పన్నెండో ఎక్కం దాకా వచ్చింది. పదమూడు దగ్గర తడబడితే, "మళ్ళీ మొదట్నుంచి" అనేవాడు.

ఆయన పోయాక గాయని ఊరు మారింది. ఇప్పుడు కొట్టు కోడలు చూసుకుంటోంది. బొగ్గుల పెట్టె పోయి కరెంటుది వచ్చింది. అత్త పక్కన కూర్చుని మడతలు పెడుతూ ఆ ముచ్చట్లే చెబుతుంటుంది.

"పదమూడు నాకు రాక కాదే" అంటుంది కోడలితో. "ఇంకాసేపు అక్కడ కూర్చోవచ్చని తప్పు చెప్పేదాన్ని."