చేపలావిడ

గుడివాడలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ సెలవుల్లో సినిమా కథలు రాసేవాణ్ణి. హీరోల వెనక నిలబడే మనుషుల మీదే నా కళ్లు ఎప్పుడూ. అలా నన్ను పట్టేసిన నటి ఒకావిడ ఉన్నారు. దివిసీమ మనిషి. ముప్పై ఏళ్లుగా పక్కింటావిడగా, మంత్రసానిగా, ఆస్పత్రి ఆయాగా కనిపిస్తూనే ఉన్నారు. ఒకసారి బందరు బస్టాండులో ఆవిడ పక్కన కూర్చుని ఉంటే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "మీరు ఘంటసాల ఊళ్లో మా వియ్యపురాలి చెల్లెలు కదండీ?" అన్నాడు. ఆవిడ కాదనలేదు. "అంతా బాగున్నారాండీ?" అని పలకరించి పంపారు.

ఆవిడను మనసులో పెట్టుకునే ఒక సినిమా కథ రాశాను. చేపలమ్మే యాభై ఐదేళ్ల మనిషి కథానాయిక. ఆవిడ లేని సీను లేదు. నిర్మాతను ఒప్పించడానికి ఏడాది పట్టింది. మంగినపూడి దగ్గర ఒక పల్లెలో, షూటింగుకు ముందురోజు అందరం కూర్చుని స్క్రిప్టు చదువుకున్నాం. అంతా అయ్యాక ఆవిడ కళ్లజోడు తీసి, మళ్లీ మొదటి పేజీ తిప్పారు.

"ఈవిడ పేరేంటండీ?"

"ఎవరి పేరండీ?"

"నా వేషం పేరు."

నవ్వుతూ కాగితాలు అందుకున్నాను. కొడుక్కి పేరుంది. ఐసు ఫ్యాక్టరీ ఓనరుకుంది. ఒక్క సీనులో వచ్చే ఎస్సైకి ఇంటిపేరుతో సహా ఉంది. ఆవిడ మాట్లాడే చోటల్లా, మొదటినుంచి చివరిదాకా, 'చేపలావిడ' అని ఉంది. ఏడుసార్లు తిరగరాసిన కథ. ఒక్కసారి కూడా నా కంటపడలేదు.

"కోపం కాదు తమ్ముడూ," అన్నారావిడ. "నాకు అలవాటే. కానీ ఇది పెద్ద వేషం అన్నారుగా. ఎవరన్నా పిలిస్తే తిరిగి చూడాలి కదా నేను? ఏమని పిలుస్తారు?"

ఆవిడకు బుట్ట మోయడం నేర్పడానికి పిలిపించిన, ఆ పల్లెలోనే చేపలమ్మే మనిషి గుమ్మం దగ్గర కూర్చుని అంతా వింటోంది.

"మా అత్త పేరెట్టుకోండి. పోయింది, ఏమీ అనుకోదులే," అంది.

"మీ అత్త పేరెందుకమ్మా. నీ పేరేంటి?" అన్నారు మా నటి.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సిగ్గుపడుతూ చెప్పింది. నాకు రెండోసారి దెబ్బ తగిలినట్టయింది. స్క్రిప్టు కోసం మూడు వారాలుగా ఆమె చేత చేపల పేర్లన్నీ చెప్పించుకున్నాను. ఆమె పేరు మాత్రం అడగలేదు.

ఆ సాయంత్రమే ప్రతి పేజీలో పాత మాట కొట్టేసి ఆ పేరు రాశాను. సినిమా పెద్దగా ఆడలేదు. ఆవిడకు మాత్రం తరవాత రెండు మంచి వేషాలొచ్చాయి.

షూటింగు ముగించుకుని ఇంటికొచ్చాక నా పాత కథల ఫైళ్లన్నీ కిందికి దించాను. వాటిలో మా అమ్మను చూసి రాసింది ఒకటుంది. ఆ పాత్ర దగ్గర 'తల్లి' అని మాత్రమే ఉంది.