తొమ్మిది రోజుల పథ్యం

మా అక్క పసిరికలకు ఆకు మందు ఇచ్చేది. కామెర్లను మా వైపు పసిరికలనే అంటారు. మోస్రా దగ్గర ఒక పల్లెలో కొడుకు, కోడలితో ఉండేది. వారంలో ఐదు రోజులు కోడలి పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. ఆదివారం, గురువారం మాత్రం తెల్లవారకముందే లేచి, చేతులకు పట్టిన తంబాకు వాసన పోయేదాకా నిమ్మడిప్పతో రుద్దుకుని, చేల గట్ల వెంట ఆకు కోసం వెళ్లేది. ఆమె తిరిగి వచ్చేసరికి అరుగు మీద నలుగురో ఐదుగురో పచ్చకళ్లవాళ్లు కూర్చుని ఉండేవారు.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పొద్దున, సాయంత్రం కాలువ గేజీ చూసి నీటిమట్టం రాయడంతో మొదలైన ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికి కూడా పాకి, డైరీ రాయకుండా పడుకున్న రోజు నాకు గుర్తులేదు. ఇల్లు నిజామాబాద్‌లో, కంఠేశ్వర్‌లో. నెలకోసారి బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్లి రెండు రోజులుండి వచ్చేవాణ్ణి.

ఆమె వైద్యానికి కట్టుబాట్లు ఉండేవి. ఆకు పేరు నోటితో పలకకూడదు. మందు తాగినవాళ్లు తొమ్మిది రోజులు ఉప్పు, కారం, నూనె లేకుండా మజ్జిగన్నం తినాలి. ఆ తొమ్మిది రోజులూ గోలీ గాని సూది గాని ఇంకే మందూ ముట్టకూడదు. మందు ఇచ్చిన చెయ్యి ఎవరిదైతే పథ్యం వదిలే దాకా వాళ్ల మాటే మాట. మూడో రోజుకో నాలుగో రోజుకో దాదాపు అందరూ బతిమాలుకోవడానికి వచ్చేవారు. బోధన్ వైపు నుంచి వచ్చిన ఒక కోస్తా రైతు నా ఎదుటే చేతులు జోడించాడు.

"అమ్మా, ఒక్క ఆవకాయ ముక్క. తిననమ్మా, నాకుతాను. ఏవవుద్ది?"

"ఏమయితదా? నువ్వు నాకితే మీ ఆవకాయకు పసిరికలయితయి. పో, మజ్జిగ తాగి పండు."

అతను వెళ్లాక నాతో అంది: "నాలుగో దినం మాట్లాడేది రోగం తమ్మీ, మనిషి కాదు. చెవుల వెట్టొద్దు."

అలాగని వచ్చిన వాళ్లందరికీ ఆకు ఇచ్చేది కాదు. కింది రెప్ప లాగి చూసేది, కడుపు నొక్కేది, మూత్రం రంగు, మలం రంగు అడిగేది. జ్వరం ఉన్నా, కడుపు ఉబ్బినా, "గిది నా ఆకుతోని అయ్యే పని గాదు, దవాఖానకు పో" అని పంపేసేది. అంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోవాలా అని కొందరు కోపగించుకునేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

పోయిన వానాకాలం నేను వెళ్లేసరికి కోడలు వాకిట్లోనే ఆపింది.

"మామా, అత్తమ్మ కండ్లు జూడు. నేనంటే నమ్మది. అద్దంల సూస్కొని, కరెంటు బుగ్గ పచ్చగున్నదని దీపం మీదికి తోస్తది."

అక్కను ఎండలోకి తీసుకొచ్చి చూశాను. దీపం తప్పేమీ లేదు. నిజామాబాద్ వెళ్లి రక్తం పరీక్ష చేయిద్దామన్నాను. అక్క నవ్వింది.

"ఇన్నేండ్లు ఊరందరికి ఆకిచ్చి, నాకొచ్చేటాలకు దవాఖానకు ఉరుకుతే నవ్వరా? నా చెయ్యి నాకు పనిజెయ్యది గాని, నీకు చెయ్యిస్త. నువ్వియ్యి."

ఎవరి మందు వాళ్లకు పనిచేయదన్నది కూడా ఆ కట్టుబాట్లలో ఒకటి. చెయ్యి ఇవ్వడమంటే విద్య అప్పగించడం. ఒకసారి ఇచ్చాక ఇచ్చినవాళ్లు మళ్లీ ఆకు ముట్టరు. ఇంట్లో కోడలు ఉండగా నాకెందుకు అన్నాను.

"అది గడబిడ మనిషి. నువ్వు అన్నీ రాసి పెట్టుకుంటవు. చెప్పింది చెప్పినట్టు చేస్తవు."

కోడలు పక్కనే ఉండి, "అవునవును, గడబిడ దాని చేతి బువ్వ మాత్రం మంచిగుంటది" అని మూతి తిప్పింది.

మర్నాడు గురువారం. పొద్దున్నే ఇద్దరం చెరకు తోట గట్టు మీద నడిచాం. గడ్డి మందు కొట్టిన గట్లు ఎర్రగా మాడిపోయి ఉన్నాయి. అలాంటి చోట పచ్చగా ఏం మిగిలినా ముట్టొద్దని చెప్పింది. చాలా దూరం పోయాక, కాలువ తూము పక్కన వంగి ఒక చిన్న మొక్క చూపించింది. ఆకుల అడుగున ఆవగింజల్లాంటి కాయలు.

"గిది నేల ఉసిరికనే గదా అక్కా!"

ఆమె తల కొట్టుకుంది. "పేరు తీస్తివి! ఇగ ఆ మొక్క పనికిరాదు. ఇంకోటి ఎతుకు."

మళ్లీ చాలాసేపు వెతికాం. దొరికినదాన్ని వేళ్లతో సహా పీకి నా అరచేతిలో పెట్టి, పైన మూడు దోసిళ్ల నీళ్లు పోసింది. అంతే, చెయ్యి నాదైంది. ఇంటికొచ్చి ఆకు నూరి, మజ్జిగలో కలిపి తాగించాను. అక్క కళ్లు మూసుకుని గుటకలు వేసి, "బాగ చేదున్నది. ఇన్నొద్దులు అందరికి ఎట్ల తాపిన్నో" అంది.

నేను అక్కడే ఉండిపోయాను. కాలువ గేజీ రాసినట్టే రోజూ పొద్దున, సాయంత్రం ఆమె కళ్ల రంగు, తిన్నది, నిద్ర రాసుకున్నాను. మూడో రోజు సాయంత్రం "పచ్చదనం కొంత తగ్గినట్టుంది" అని ఉంది. తగ్గిందో, తగ్గాలని నేను అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

ఐదో రోజు మధ్యాహ్నం కోడలు చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లింది. అక్క మంచం మీద కూర్చుని ముంజేతులు గీరుకుంటోంది.

"తమ్మీ, ఒళ్లంత ఒకటే దురద. దొడ్డికి పోతే సున్నం రంగున పడుతుంది. గిది నా ఆకుతోని అయ్యే పని గాదు. దవాఖాన్ల సూపియ్యి."

"ఇంక నాలుగు రోజులే అక్కా. నడుమ ఇడిస్తే మొదటికొస్తదని నువ్వే అంటవు గదా."

"అంట."

"మరి? చెయ్యి ఎవలదిప్పుడు?"

ఆమె నా వంక చూసి నవ్వింది. "నీదే తియ్యి" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ రోజు డైరీలో "అక్క దవాఖాన అడిగింది. నచ్చజెప్పాను" అని రాశాను. రాసి, తేలిగ్గా అనిపించి, టీ తాగాను కూడా.

ఏడో రోజు పొద్దున చలిజ్వరం వచ్చింది. పళ్లు కొట్టుకుంటున్నాయి, మనిషిని గుర్తుపట్టడం లేదు. మేనల్లుడు కారు మాట్లాడితే నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. పిత్తం దిగే గొట్టంలో రాయి అడ్డం పడిందని, అక్కడ చీము పట్టి విషం రక్తంలోకి ఎక్కిందని చెప్పారు. ఆ డాక్టరమ్మ వయసులో చాలా చిన్నది. ఏ రోజు ఏం జరిగిందని అడిగితే నేను డైరీ తీసి చదివాను.

"దురద ఎప్పుడు మొదలైంది సార్?"

"ఐదో రోజు చెప్పింది."

ఆమె రాసుకుంది. అప్పుడే తెస్తే ఎలా ఉండేదని అడిగాను. తల ఎత్తకుండానే, "అప్పుడే తీసుకొస్తే బాగుండేది సార్" అంది.

ఆసుపత్రిలో మూడో రోజు తెల్లవారుతుండగా అక్క పోయింది.

ఆమె అరుగు మీద 'గిది నా ఆకుతోని అయ్యే పని గాదు' అని చెప్పి మనుషులను దవాఖానకు పంపడం నేను ఎన్నిసార్లు విన్నానో. ఐదో రోజు మాట్లాడింది రోగం కాదు. ఇన్నేళ్లు పచ్చకళ్లు చూసిన మనిషి, చూసుకోవలసినవన్నీ చూసుకుని, తన ఆకుకు లొంగనిదని తేల్చి చెప్పింది. నేను పథ్యం రోజులు లెక్కపెట్టాను.

దినాలకు వచ్చినవాళ్లందరికీ, ఏడో రోజు ఉన్నట్టుండి జ్వరం వచ్చిందని చెప్పాను. అది నిజమే. మేనల్లుడు అందరికీ అదే చెప్పాడు. అడిగినవాళ్లు, "పెద్దమనిషి, పక్కనే ఉండి మంచిగ జూస్కున్నడు" అని నన్నే ఓదార్చారు. తర్వాత కంఠేశ్వర్ ఇంటికి ఫోన్లు రావడం మొదలైంది. మోర్తాడ్ నుంచి ఒకాయన, "చెయ్యి మీ దగ్గరున్నదంట గదా సార్, రేపు తోల్కొస్త" అన్నాడు. లేదని చెప్పి, పరీక్షలు చేయించమని, ఆలస్యం చేయొద్దని రెండుసార్లు చెప్పి పెట్టేశాను.

నెల తిరిగాక ఊరికి వెళ్లాను. మేనల్లుడికి చెప్పాలనే వెళ్లాను. అతను పొలం నుంచి ఇంకా రాలేదు. కోడలు ఒక్కతే బీడీలు చుడుతోంది. ఆమెకు చెప్పేశాను: ఐదో రోజు అక్క దవాఖాన అడిగిందని, నేను వద్దన్నానని.

ఆమె చేతులు ఆగలేదు. చుడుతున్న బీడీ కొస మడిచి, దారం కట్టి, చాటలో వేసింది.

"నాకెరుకే మామా. ఆ పొద్దుగాలనే నాకు సుత చెప్పింది. కార్ఖానకు పోయే తొందరల ఉంటి. 'మామనడుగు, చెయ్యి మామ దగ్గరున్నది' అన్న."

నా దగ్గరికి వచ్చేసరికి అక్కను అప్పటికే ఒకరు తిప్పి పంపారు.

"ఆయనకు చెప్పలే మామా. నువ్వు చెప్పినవేమో అనుకున్న. నువ్వు చెప్పలేదని సమజయినంక, ఇగ నాకు నోరు రాలే."

"ఇయ్యాల చెప్పుదాం."

"ఇద్దరిది చెప్తవా?"

"నాది నేను చెప్త. నీది నీ ఇష్టం బిడ్డా."

ఆమె చాట పక్కకు జరిపింది. చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. అతని బండి చప్పుడు కోసం ఇద్దరం దారివైపు చూస్తూ ఉండిపోయాం.