సుంకి ఘాట్‌లో కదలని చుక్క

మా ఆఫీసులో దుర్గాభవాని కంప్యూటరు జోలికి ఎవరూ వెళ్లరు. ఓసారి దాని పక్కన టీ గ్లాసు పెట్టానని నన్ను పట్టుకుని ఎడాపెడా తిట్టిపోసింది. నేను ఆమె తండ్రి ఈడువాణ్ని. సాలూరులో నేను లారీల బుకింగు పని మొదలుపెట్టేనాటికి ఆ పిల్ల పుట్టనేలేదు. అయినా నోరు మూసుకుని గ్లాసు తీసేశాను. ఒళ్లు మండలేదా అంటే మండింది. కానీ ఆమె అరిచిందంటే లోపల ఏదో భయం ఉంటుందని నాకు తెలుసు.

ఆ భయం వాళ్ల నాన్న గంగులు దగ్గర మొదలైంది. మా ఓనరు కూర్మయ్య గారి లారీయే నడిపేవాడు గంగులు. ఒరిస్సా నుంచి సుంకి ఘాట్ దిగుతుంటే బ్రేకులు పట్టక లారీ లోయలోకి పోయింది. మనిషి దక్కలేదు. దుర్గాభవాని అప్పుడు ఇంటర్ చదువుతోంది, తమ్ముడు త్రినాథ్ ఇంకా బడికి వెళ్తున్నాడు. తల్లి నారాయణమ్మ ఉన్న కాస్త పొలంలో వరీ చోళ్లూ పండించి ఇద్దరినీ పెంచింది. పెద్దది విజయనగరంలో కంప్యూటర్లు చదివి, విశాఖలో ఒక కంపెనీలో మంచి ఉద్యోగం సంపాదించింది. ఇక వాళ్ల ఇల్లు ఒడ్డున పడిందనుకున్నాం.

అంతలో త్రినాథ్ లారీ నడుపుతానని మొండికేశాడు. తల్లి ఏడ్చింది, అక్క తిట్టింది, నేనూ నా వంతు గడ్డి పెట్టాను. వింటేగా! స్టీరింగ్ పట్టుకున్నాడు. వాడు మా లారీ ఎక్కిన కొన్నాళ్లకే దుర్గాభవాని విశాఖ ఉద్యోగం వదిలేసి, సగం జీతానికి మా ఆఫీసులో చేరింది. "మతి గాని పోయిందేటే?" అని అడిగాను.

"ఆడు ఎక్కడున్నాడో నాకు తెలియాల మావా," అంది. అంతే.

ఆమె పని ఇదీ. మా ప్రతి లారీలోనూ ఒక చిన్న డబ్బా ఉంటుంది. బండి ఎక్కడుందో, ఎంత వేగంతో పోతోందో అది నిమిషానికోసారి ఆఫీసుకు కబురు పంపుతుంది. లినక్స్ మీద నడిచే ప్రోగ్రాం ఒకటి ఆ కబుర్లు అందుకుని, గోడ మీది పెద్ద టీవీలో మ్యాపు మీద చుక్కలుగా చూపిస్తుంది. ఆ ప్రోగ్రాం రాసిచ్చినవాళ్లు ఇప్పుడు ఫోనే ఎత్తరు. మంచో చెడో దుర్గాభవానే చూసుకోవాలి. ఆ టీవీ పైమూలలో కంప్యూటరు టైము కూడా పడుతుంది. గోడ గడియారం ఆగిపోయి చాలాకాలమైంది. దానికో కొత్త సెల్లు వేయించడానికి కూర్మయ్యకు చేతులు రావు. అందుకని ఆఫీసులో అందరం ఆ టీవీ టైమే చూస్తాం.

త్రినాథ్ ఘాట్ ఎక్కినా దిగినా నారాయణమ్మ మా ఆఫీసుకు వచ్చి టీవీ కింద బెంచీ మీద కూర్చుంటుంది. ఆమె రూలు ఒకటే. రాహుకాలంలో బండి ఘాట్ మీద కాలు పెట్టకూడదు. ముందు ఫోన్ చేయాలి, తల్లి సరేనన్నాకే కదలాలి. తోటి డ్రైవర్లు నవ్వుతారు. నవ్వినా వాడు ఆ మాట జవదాటడు.

పోయిన వానాకాలం, ఒక శుక్రవారం. అల్పపీడనం పట్టి మిగతా లారీలన్నీ యార్డులోనే నిలబడిపోయాయి. రోడ్డు మీద ఉన్నది త్రినాథ్ ఒక్కడే. రాయపూర్ నుంచి ఇనుప చువ్వల లోడుతో వస్తూ, ఘాట్ పైన సుంకిలో ఆగి ఫోన్ చేశాడు. నారాయణమ్మ ఫోన్ స్పీకరులో పెట్టించుకుంది.

"అమ్మా, వానొస్తన్నాది. దిగిపోనా?"

ఆమె తలెత్తి టీవీ చూసింది. పదకొండున్నర. శుక్రవారం రాహుకాలం పన్నెండు దాకా ఉంటుంది.

"పన్నెండు దాటనీ నాయినా. టీ తాగి కూకో."

"మబ్బు కిందకి దిగిపోతన్నాదే. ఇంకాసేపుంటే రోడ్డు అవుపడదు."

"దాటనీ అంటన్నాను కదా!" అని కసిరి, సీసాలో నీళ్లు పట్టుకోవడానికి పెరట్లోకి వెళ్లింది.

దుర్గాభవాని కిటికీలోంచి ఆకాశం చూసింది. తూర్పున నల్లగా కమ్ముకొస్తోంది. గబగబా ఏదో టైపు చేసింది. తల్లి తిరిగి వచ్చేసరికి టీవీలో పన్నెండూ ఒకటి. నేను నోరు తెరవబోయాను. ఆ పిల్ల నా వైపు ఒక్క చూపు చూసింది. మూసుకున్నాను.

"అప్పుడే దాటిపోయినాదేటి!" అంది నారాయణమ్మ, బెంచీ మీద చతికిలబడుతూ.

"దాటినాదమ్మా. ఒరే తమ్ముడూ, బేగి దిగు. మలుపుల్లో హారన్ కొట్టుకో."

వాడి చేతిలోనూ ఫోనుంది, వాడికీ టైము తెలుసు. కిసుక్కున నవ్వి, "అలగే అప్పా," అన్నాడు అక్కతో.

చుక్క కదిలింది. మొదటి మలుపు దాటింది. రెండోది దాటింది. మూడో మలుపు దగ్గర ఆగింది. ఆగిందంటే ఆగిపోయింది. సిగ్నలు లేదేమో వస్తుందిలే అనుకున్నాం. నారాయణమ్మ కళ్లు మాత్రం ఆ చుక్క మీదే ఉన్నాయి. ఇంతలో కూర్మయ్యకు ఒక జీపు డ్రైవరు ఫోన్ చేశాడు. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ మా వైపు వీపు తిప్పుకున్నాడు.

"మూడో మలుపు కాడ కొండ జారిందట," అన్నాడు ఫోన్ పెట్టేసి, గొంతు తగ్గించి. "బండరాళ్లు పడినాయట. ఎవులదో లారీ కూడా ఇరుక్కున్నాదట. నెంబరు తెల్దన్నాడు."

ఎంత తగ్గించినా నారాయణమ్మ వినేసింది. లేచి నిలబడి టీవీ దగ్గరకు వెళ్లి, చుక్కకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలుచుంది. అరిచినా బాగుండేది. దుర్గాభవాని తమ్ముడికి ఫోన్ మీద ఫోన్ చేసింది. అందుబాటులో లేరనే మాటే మళ్లీ మళ్లీ వినిపించింది.

"నేనే పంపినాను మావా," అంది నాకు మాత్రమే వినబడేలా. "రాహుకాలమూ లేదు, ఏటీ లేదనుకున్నాను. నేనే పంపినాను."

"నోర్ముయ్," అన్నాను. "చుక్క ఆగితే లారీ ఆగినట్టేనేటి? ప్రోగ్రామే మొరాయించిందేమో సూడు."

"యార్డులో బళ్ల కబుర్లు పడతానే ఉన్నాయి మావా. ఆడిదే పడట్లేదు."

"ఆపి మళ్లీ మొదలెట్టు."

"ఆపినప్పుడు ఆడి కబురు వచ్చి పోతేనో?"

అని ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత నల్లటి స్క్రీను తెరిచి, స్ట్రేస్ అనే పనిముట్టును ఆ ప్రోగ్రాం మీద పెట్టింది. దాని సంగతి ఆమె తర్వాత చెబితే నాకు అర్థమైంది ఇంత. ఏ ప్రోగ్రామూ తనంతట తాను బయటి పని చేయలేదట. కబురు అందుకోవాలన్నా, ఫైలు తెరవాలన్నా, అందులో రాయాలన్నా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాల్సిందే. ఆ అడగడాలనే సిస్టమ్ కాల్స్ అంటారు. ప్రోగ్రాంను ఆపకుండానే, అది ఏమేమి అడుగుతోందో, ఏం జవాబు వస్తోందో స్ట్రేస్ వరసగా చూపిస్తుంది.

వరసలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. నాకు అంతా ఇంగ్లీషు పురుగులే. ఆమె పెదాలు కదుపుతూ చదువుతోంది. "అందుకున్నాది. ఫైలు తెరిచినాది. రాసినాది. మూసినాది." యార్డులో లారీ. మళ్లీ అదే వరస. ఇంకో యార్డు లారీ. త్రినాథ్ బండి నంబరు చివర నలభై నాలుగు పదిహేడు. దాని కోసం నేనూ కళ్లు చించుకుని చూస్తున్నాను. నారాయణమ్మ అక్కడ టీవీ దగ్గర కొయ్యబారిపోయి ఉంది.

"వచ్చినాది!" అని దుర్గాభవాని కుర్చీలోంచి లేచింది. "మావా, ఆడి కబురే! సూడు, నలభై నాలుగు పదిహేడు! అందుకున్నాది, కానీ ఫైలు తెరవకుండానే మళ్లీ ఎదురుచూపులో కూకున్నాది. తీసుకుని పారేస్తన్నాది."

నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆమె ముఖం అంతలోనే పాలిపోయింది. కబురులో లారీ డబ్బా వేసిన టైము ఉంది. పదకొండూ యాభై ఎనిమిది. టీవీలో పన్నెండూ ముప్పై ఒకటి.

"పాతది," అంది నీరసంగా. "అరగంట దాటిపోయినాది. కొండ జారకముందుది."

కుర్చీలో కూలబడింది. కాసేపటికి తల పైకెత్తింది.

"పదకొండూ యాభై ఎనిమిదికి ఆడు సుంకిలోనే ఉండాల కదా. పన్నెండు దాటినాకే కదా కదిలినాడు. మరి ఇందులో బండి పోతన్నట్టున్నాదేటి?" అని టీవీ వైపు చూసింది. ఆ తర్వాత నా చేతిలోని ఫోను లాక్కుని చూసింది. అందులో పన్నెండూ ఆరు.

అప్పుడు వెలిగింది ఇద్దరికీ. అరగంట కంటే పాతబడిన కబురును ఆ ప్రోగ్రాం తీసుకోదు. ఘాట్‌లో సిగ్నలు సరిగా లేక ఈ కబురు ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, అంతే. కానీ ఈ పిల్ల కంప్యూటరు గడియారాన్ని పాతిక నిమిషాలు ముందుకు జరిపి, ఆ కంగారులో సరిచేయడం మరిచిపోయింది. ప్రోగ్రాం ఆ తప్పుడు టైముతో లెక్క చూసుకుని, పాతదని పారేస్తోంది. సుంకి దగ్గర సిగ్నలు బాగుంది కనుక మొదటి మలుపుల కబుర్లు వెంటనే వచ్చి పడ్డాయి. కూర్మయ్య ఫోన్ తీసి చూస్తే, జీపువాడి కాల్ వచ్చింది పన్నెండుకు పది నిమిషాల ముందు. అంటే ఈ కబురు కొండ జారిన తర్వాతిది. అందులోని చోటు మ్యాపులో వెతికితే, బండి మూడో మలుపు దాటి బాగా కిందకి వచ్చేసింది.

"అమ్మా, తమ్ముడు బాగానే ఉన్నాడే! దిగిపోతన్నాడు!" అని అరిచింది దుర్గాభవాని.

నారాయణమ్మ తిరిగి చూడలేదు. టీవీలో చుక్క మీద వేలు పెట్టింది. "మరి ఇదేటి కదలదు?"

"అది తప్పమ్మా. ఇక్కడ ఉన్నాది సూడు, నిజం."

"నన్ను మభ్యపెట్టకండే. మీ నాన్నప్పుడూ ఇలగే, ఏటీ కానేదు, ఏటీ కానేదు అని పొద్దుగూకేదాకా కూకోబెట్టినారు." అప్పుడు మొదలుపెట్టింది ఏడుపు. గోడ పట్టుకుని, గొంతు పైకి రాకుండా. నేను జన్మలో అలాంటి ఏడుపు వినలేదు.

దుర్గాభవాని నా వైపు చూసింది. చుక్క కదలాలంటే గడియారం వెనక్కి రావాలి. అది తల్లి కళ్లముందే రావాలి, ఆమె నిలబడ్డదే ఆ టీవీ ముందు. ఒక నిమిషం బయటకు పంపేద్దామా అని నేను సైగ చేశాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, టైపు చేసి ఎంటర్ కొట్టింది.

టీవీలో పన్నెండూ ముప్పై మూడు పోయి పన్నెండూ ఎనిమిది అయింది. కాసేపటికి చుక్క మూడో మలుపు దగ్గర మాయమై, కొండ కిందకి వచ్చేసి కనిపించింది. నారాయణమ్మ రెండూ చూసింది. ఏడుపు ఆపింది. చెంగుతో ముఖం తుడుచుకుని, టైము వైపు చాలాసేపు చూసింది.

"అయితే పన్నెండు ఇప్పుడు దాటినాదేటి?"

"నేనే జరిపినానమ్మా. ఆడు వానలో చిక్కుకుపోతాడని." దుర్గాభవాని కుర్చీ తల్లి వైపు తిప్పుకుంది. "కొట్టమ్మా. ఎంత కొడతావో కొట్టు."

నారాయణమ్మ కొట్టలేదు. వచ్చి కూతురి పక్కన స్టూలు మీద కూర్చుంది.

"మీ నాన్న సుంకిలో ఆగి ఫోన్ సేసినప్పుడు కూడా నేనే ఆపినానే. రాహుకాలం పోయేదాకా కూకోమన్నాను. పోయినాక నేనే దిగమన్నాను." ఆగి ఊపిరి పీల్చుకుంది. "మంచి టైము సూసే దిగమన్నాను. మనిషి రానేదు."

దుర్గాభవానికి ఈ సంగతి తెలియదు. నాకూ తెలియదు. ఇన్నేళ్లూ ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

"మరైతే ఎందుకమ్మా ఇంకా రాహుకాలం సూడడం?"

"ఇక్కడ కూకుని ఇంకేటి సెయ్యగలనే నాను? నీకైతే ఆ గీతలున్నాయి," అని స్క్రీను మీద పరుగెత్తుతున్న వరసలు చూపించింది.

దుర్గాభవాని తల్లి ఒళ్లో తల పెట్టి బావురుమంది. కూర్మయ్య బయటకు వెళ్లి నిలబడ్డాడు. నేను మాత్రం ఎక్కడికీ పోలేదు, నా కళ్లూ అదుపులో లేవు. ఘాట్ దిగాక కోనవలసలో సిగ్నలు తగిలి త్రినాథ్ ఫోన్ చేశాడు. వెనకాల కొండ జారినట్టు వాడికి తెలియనే తెలియదు. ఇరుక్కున్న లారీ ఇంకెవరిదో, డ్రైవరు ముందే దూకేసి బతికిపోయాడు. నారాయణమ్మ ఫోన్ తీసుకుని, "ఒరే, అన్నం తిన్నావేటి?" అని మాత్రం అడిగింది.

సుంకిలో ఇంకో రెండు నిమిషాలు ఆలస్యం చేసి ఉంటే ఆ రాళ్ల కింద త్రినాథే ఉండేవాడని తర్వాత చాలామంది అన్నారు. దుర్గాభవాని ఆ మాట ఎత్తనివ్వదు. ఎత్తితే లేచి వెళ్లిపోతుంది.

వాడి తర్వాతి ట్రిప్పుకు నారాయణమ్మ ఇంట్లోని గోడ గడియారం సంచిలో వేసుకుని వచ్చింది. నాచేత మేకు కొట్టించి, టీవీ పక్కనే తగిలించింది. "దీని మీద సెయ్యేసినావంటే ఊరుకోను," అని కూతురికి చెప్పింది. చెప్పి, తన బెంచీ మీద కాకుండా స్టూలు లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. "ఆ గీతలు పెట్టవే," అంది.

అప్పటి నుంచి త్రినాథ్ ఘాట్ మీద ఉన్నంతసేపూ అదే వరస. రాహుకాలమూ చూస్తుంది, గీతలూ చూస్తుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, అంకెలు మాత్రం తెలుసు. నలభై నాలుగు పదిహేడు కనిపించినప్పుడల్లా వేలు పెట్టి చూపిస్తుంది. పొద్దున్నే గడపకు పసుపు రాసి వస్తుందేమో, స్క్రీను మీద పచ్చని మరకలు పడతాయి. మొన్న నేను గుడ్డ తీసుకుని తుడవబోతే, దుర్గాభవాని నా చేతి మీద ఒక్కటిచ్చింది.